మాయాబజార్ నుంచి తాండూరు గనుల దాకా: తెలుగు అద్భుత దృశ్యంలో వెలుగు

తెలుగులో అద్భుత దృశ్యాల చరిత్ర రాసేవాళ్లు దాదాపు అందరూ ఒకే వరుస పట్టుకుంటారు. ముందు ‘మాయాబజార్’ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ట్రిక్కులు, తర్వాత దర్శకుడు విఠలాచార్య దెయ్యాలు, ఆ పైన చాలాకాలం శూన్యం. 1995లో ‘అమ్మోరు’తో గ్రాఫిక్స్ దిగాయి, 2015లో ‘బాహుబలి’తో లోకం మనవైపు తిరిగింది. ఇది పరికరాల చరిత్ర. వికారాబాద్, తాండూరు లాంటి ఊళ్లలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆకాశ నగరాలూ శిథిల గ్రహాలూ చిత్రించాలనుకునే కుర్రవాళ్లకు చేరుతున్నది కూడా ఇదే. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు, కొత్త సాఫ్ట్‌వేర్ దొరికితే బొమ్మ దానంతటదే పండుతుందన్న భ్రమ ఇక్కడి నుంచే పుట్టింది. వెలుగు ఎటు నుంచి రావాలో, ఎక్కడ ఆగిపోవాలో ముందే తేల్చుకున్నప్పుడల్లా మనకు గొప్ప దృశ్యాలు వచ్చాయి. ఆ పని వాయిదా వేసినప్పుడల్లా డబ్బు మాత్రమే కనిపించింది. నా వాదన ఇంతే.

తొలి ఘట్టం అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1947 జులైలో ‘చందమామ’ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణులే తర్వాత విజయా సంస్థ పెట్టి 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. పత్రికలో బొమ్మ వేయించడం, తెరమీద లోకం కట్టించడం ఒకే గడపలో జరిగిన పనులు. ఆ సినిమాకూ, 1957 నాటి ‘మాయాబజార్’కూ కళాదర్శకులు గోఖలే, కళాధర్. గోఖలే స్వయంగా చిత్రకారుడు. ‘మాయాబజార్’ ద్వారక కోసం 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న ఇళ్లు కట్టి, వాటిలోపల దీపాలు పెట్టారు. వెలుగు పైనుంచి పడితే అది బొమ్మల కొలువులా ఉండేది. ఇళ్లలోంచి వచ్చింది కాబట్టి ఊరైంది. 2010లో వచ్చిన రంగుల ప్రతిలో ఆ లోతు నాకు కనబడలేదు. బార్ట్‌లీ నలుపులో దాచిపెట్టినవాటిని రంగు బయటపెట్టేసింది.

1960ల్లో రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫొటోగ్రఫీ, విఠలాచార్య చవకైన చమత్కారాలు జనాన్ని అలరించాయి. వాటి మీద నాకు చిన్నచూపు లేదు గానీ, అక్కడ ముఖ్యం మాయం కావడమూ ప్రత్యక్షం కావడమూ. వాతావరణం కాదు.

అసలు తగవు 1989 నుంచి 1991 దాకా నడిచిన కాలం గురించి. పరికరాల చరిత్రలో దీనికి చోటే లేదు, ఎందుకంటే అప్పుడు మనవాళ్ల చేతిలో చెప్పుకోదగ్గ కంప్యూటర్ లేదు. నా దృష్టిలో మలుపు అక్కడే ఉంది, అదీ ఒక ప్రేమకథలో. 1989లో మణిరత్నం ‘గీతాంజలి’కి పి.సి. శ్రీరామ్ కెమెరా పట్టాడు. ఊటీ మంచు, దాని వెనక నుంచి దీపం. మంచులోని సన్నటి నీటి బిందువులు తమ మీద పడ్డ వెలుగును ఎక్కువగా ముందుకే చిమ్ముతాయి. అందుకే దీపం మనకు ఎదురుగా ఉంటే పొగమంచు వెలుగుతుంది, మనిషి నీడబొమ్మ అవుతాడు. దీపం మన వెనక ఉంటే అదే మంచు చప్పగా తెల్లబోతుంది. నేటి డిజిటల్ చిత్రకారుడు ‘వాల్యూమెట్రిక్ లైట్’ అని మీట నొక్కి తెచ్చుకునేది దీన్నే. అలౌకికం అనిపించడానికి రాక్షసుడో విమానమో అక్కర్లేదనీ, గాలే చాలనీ తెలుగు ప్రేక్షకుడి కంటికి ఈ సినిమా అలవాటు చేసింది.

రెండేళ్లకు, 1991లో, సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ వచ్చింది. కాలయంత్రం కథ, 1526 నాటి కృష్ణదేవరాయల కొలువుకు ఒకసారి, అణు ధార్మికతకు జడిసి జనం నేల కింద బతికే 2504కు మరోసారి ప్రయాణం. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు: వర్తమానానికి శ్రీరామ్, గతానికి వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తుకు కబీర్ లాల్. శ్రీరామ్ అనారోగ్యం పాలవడం వల్ల పని చేతులు మారింది కనుక దీన్ని ముందుగా వేసుకున్న పథకం అనడం సరికాదు. అయినా ఫలితం మాత్రం ఉంది. మూడు కాలాలకు మూడు చేతుల వెలుగు పడింది. ఇప్పుడు చూస్తే 2504 సెట్లు అట్టముక్కల్లా అనిపించవచ్చు, ఒప్పుకుంటాను. కానీ కాలం మారిన సంగతి సంభాషణ కన్నా ముందు కంటికి అందుతుంది.

ఇక్కడ పరికరాల పక్షం వాళ్లకు ఒక గట్టి జవాబు ఉంది. 1980ల్లో తక్కువ వెలుతురులోనూ పనిచేసే వేగవంతమైన కలర్ నెగటివ్ వచ్చి ఉండకపోతే ఆ చీకట్లు సాధ్యమయ్యేవి కావు. నిజమే. అయితే అదే ఫిల్ము అందరికీ దొరికింది. దాంతో చాలామంది పాటలను పట్టపగల్లా వెలిగించారు.

‘అమ్మోరు’ సాధించినదాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. దాని తర్వాత వచ్చిన వరుసను మాత్రం వేరేగా చదవాలి. ‘అరుంధతి’, ‘మగధీర’ (రెండూ 2009), ‘ఈగ’ (2012), ‘బాహుబలి’ రెండు భాగాలు. గ్రాఫిక్స్ పర్యవేక్షకులు మారుతూ వచ్చారు, సాఫ్ట్‌వేర్ మారింది, కె.కె. సెంథిల్ కుమార్ కెమెరా మారలేదు. ‘ఈగ’కు గ్రాఫిక్స్ చేసిన మకుట సంస్థ జాతీయ పురస్కారం అందుకుంది, అందుకు అర్హమే. కానీ కంప్యూటర్‌లో పుట్టిన ఈగ నిజమనిపించింది అది నిలబడ్డ గదిలోని వెలుగే దాని రెక్క మీదా పడినందుకు.

2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ దగ్గరికి వస్తే నాకు సందేహాలు మొదలవుతాయి. గంగ ఎండిన కాశీ అనే ఊహ గొప్పది. ఆ ఊహకు దొరికిన వెలుగు మాత్రం ‘డ్యూన్’, ‘మ్యాడ్ మ్యాక్స్’లు అలవాటు చేసిన ఎడారి గోధుమరంగు. యువ చిత్రకారుల పనిలో ఇది మరీ ముదిరింది. ఒక పక్క నారింజ, మరో పక్క నీలం, నడుమ పై నుంచి దిగే కాంతి స్తంభం. మాట రాసిస్తే బొమ్మ ఇచ్చే ఏఐ పనిముట్లు ఈ సగటునే మళ్లీ మళ్లీ వడ్డిస్తున్నాయి. చేయి తిరిగినవాళ్లు లేరని కాదు. వాళ్ల వెలుగుకు ఊరు లేదు, అదే నా బాధ.

వికారాబాద్ పక్కన అనంతగిరి ఉంది, మూసీ పుట్టిన చోటు. వానాకాలంలో అక్కడి మంచు కోసం హైదరాబాదు నుంచి షూటింగులు వస్తూనే ఉంటాయి. ఆ మంచు కింద నేల ఎర్రది. మబ్బు విరిగి ఎండ పడినప్పుడు ఆ ఎరుపు ఎగసి చెట్ల ఆకుల అడుగున, మనిషి గదమ కింద అంటుకుంటుంది. తాండూరు వైపు వెళితే నాపరాతి గనులు. రాయి పొరలు పొరలుగా అడ్డంగా పరుచుకుని ఉంటుంది కనుక తవ్విన చోటల్లా మెట్లు, చదునైన గోడలు మిగులుతాయి. ఎండినప్పుడు లేత బూడిద నీలంగా ఉండే బండ, తడిస్తే ముదురు రంగుకు దిగి ఆకాశాన్ని చూపిస్తుంది. ఉదయపు ఏటవాలు ఎండలో ఒక్కో మెట్టుకు ఒక్కో నీడ. శిథిల గ్రహం చిత్రించాలనుకునేవాడు బ్లెండర్ సాఫ్ట్‌వేర్ తెరిచేముందు ఒక పూట అక్కడ పెన్సిలుతో కూర్చుని, నీడ ఏ గంటకు ఏ గోడ దిగిందో గీసుకోవాలి. గోఖలే, కళాధర్లు దీపం ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకున్నట్టు.