బెలుం గుహలు

బెలుం గుహలు: నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని సున్నపురాతి గుహలు. 2022 వరకు ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. అనంతపురం వైపు నుంచి వచ్చేవారికి తాడిపత్రి దారి దగ్గర. 'బిలం' అన్న మాటే పేరుకు మూలం.

గుహ అనగానే కొండను ఊహించుకునేవారు ఇక్కడ తికమకపడతారు. పైన చదునైన చేలు, నాపరాతి నేల, మధ్యలో బావుల్లాంటి గుంతలు. వాటిలో ఒకదానిలోంచే మెట్లు దిగాలి. నీటికి కటకటలాడే ఈ సీమలో ఇంత బిలాన్ని తొలిచింది నీరే: భూగర్భ ప్రవాహం రాతిని వేల ఏళ్లపాటు కరిగించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర. అడుగున పాతాళగంగ అనే సన్నని ధార పారి, నేలలోకి మాయమవుతుంది. తడితే మోగే రాళ్ల సప్తస్వరాల గుహ, ఊడల మర్రిలా పైకప్పు నుంచి వేలాడే రాళ్లు చూడదగినవి.

1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించారు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు తీసింది. బౌద్ధ, జైన భిక్షువులు ఇక్కడ నివసించారని ప్రతీతి. లోపల దొరికిన బౌద్ధ అవశేషాలు అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి.

లోపల ఉక్కపోత ఎక్కువ. ఆయాసం ఉన్నవారు పాతాళగంగ దాకా దిగకపోవడమే మేలు.