థాంగ్: చీనా లిపిలో చక్కెర అక్షరము

చీనా లిపిలో చక్కెరకును, మిఠాయికిని వర్తించు అక్షరము థాంగ్. పదునారు గీతలతో వ్రాయబడు దీని ఎడమభాగము బియ్యపుగింజకు గుర్తు. కుడిభాగము ఉచ్చారణమును మాత్రమే తెలుపును. ఆ కుడిభాగమే ఒక ప్రఖ్యాత రాజవంశమునకు పేరగుటచే, ఆ రాజులకును తీపికిని ముడిపెట్ట వేడుక పుట్టును గాని, అది పొసగదు.

చక్కెర మాటలో బియ్యమున కేమి పని? చెరకు చక్కెర యెరుగని కాలమున చీనీయులకు తీపి ధాన్యమునుండియే పుట్టెడిది. మొలకెత్తిన యవలను దంచి, ఉడికిన అన్నముతో కలిపి వెచ్చని తావున నుంచగా గింజలోని పిండి తీయనగును. ఆ నీటిని వడియగట్టి, జిగురుగా తీగసాగువరకు కాచెడివారు. అక్షరమునకు తొలి యర్థ మీ పాకమే. క్రీ.శ. 100 ప్రాంతమున షూ షెన్ కూర్చిన నిఘంటువున నిది లేదు. 986లో షూ ష్యువాన్ దానిని పరిష్కరించుచు చేర్చిన అక్షరములలో కలదు. అప్పటికి చెరకు చక్కెర దేశమున నెలకొనియున్నను, ఆయన చెప్పిన యర్థము ధాన్యపు పాకమే. నిఘంటుకారులు అంగడివీథికి తరచు వెళ్లరు కాబోలు!

చెరకురసము చీనాలో పూర్వమునుండి ఉన్నదే. దానిని చక్కగా వండు నేర్పు మాత్రము మన దేశమునుండి పోయినది. 647లో మగధనుండి రాయబారులు రాగా, థాయ్‌జోంగ్ చక్రవర్తి ఆ విద్యను గ్రహించుటకు తనవారిని పంపి, యాంగ్‌జౌ చెరకుతో వండించెననియు, ఆ చక్కెర రంగున, రుచిని పశ్చిమదేశపు సరకును మించెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఈ కొత్త పదార్థమును 'ఇసుక థాంగ్' అనిరి; సంస్కృతమున శర్కర యనగా కంకర, ఇసుక యనియే గదా! దున్‌హువాంగ్ గుహలలో దొరకిన యొక వ్రాతప్రతి భారతదేశపు మూడు రకముల చెరకును పేర్కొని, చక్కెరను నేటి ఉచ్చారణమున 'ష-గ-లింగ్' అనదగిన మూడక్షరములతో వ్రాసినది. ఇది శర్కరా శబ్దమేయని పండితుడు జీ షియెన్‌లిన్ నిర్ణయించెను.

ఆ శబ్దమే ఉర్దూ వేషమున మన నిజామాబాదు జిల్లాలోని రెంజల్ పొరుగున వినబడును. 1931 నాటికి మంజీరపై నిజాంసాగరము పూర్తియై, కాలువలక్రింద చెరకు విస్తరింపగా, 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని పేట శక్కర్‌నగర్. కర్మాగారము 2015లో మూతపడినను పేరు చెరగలేదు.

చక్కెరను తెల్లబరచు విద్య చీనాలో బాగుగా పెరిగినది. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ వర్ణించిన విధము సులభమే: అడుగున రంధ్రముగల గరాటువంటి కుండలో గడ్డకట్టిన పాకమును నింపి, పైనుండి పచ్చమట్టి కలిపిన నీటిని పోయగా, నల్లని మడ్డి క్రిందికి కారి, పైపొర తెల్లనగును. మన ఉత్తరభారతమున చక్కెరకు చీనీ యను పేరు చీనాదేశమును బట్టియే వచ్చినది.

నేటి శాస్త్రభాషలో థాంగ్ మరింత విస్తరించినది: గ్లూకోజు 'ద్రాక్ష థాంగ్', మనము మధుమేహమనునది అచ్చట 'థాంగ్ మూత్రవ్యాధి'. బియ్యపుగింజ గుర్తు వీనియన్నిటను యథాస్థానముననే యున్నది.