అంటుమొక్కే గీటురాయి: విశ్వవిద్యాలయ ఉద్యాన పరిశోధన, నల్లగొండ బత్తాయి తోటలు

ఉపోద్ఘాతం

నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారి నుంచి అద్దంకి దారి చీలుతుంది. ఆ దారిన దక్షిణానికి పోతే నల్లగొండ బత్తాయి మార్కెట్, రహదారి వెంటే తూర్పుకు పోతే నకిరేకల్ నిమ్మ మార్కెట్. ఇక్కడి నేలలు ఎక్కువగా ఎర్ర చెలకలు, అడుగున గట్టి రాయి. ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 750 మిల్లీమీటర్ల వాన. కాలువ అందని ఊళ్లకు బోరుబావే దిక్కు. ఇలాంటి నేల మీద నిలబడ్డ బత్తాయి సాగు తెలంగాణ మొత్తంలోనే పెద్దది. ఈ తోటలకు విశ్వవిద్యాలయ ఉద్యాన విభాగం ఏమి ఇచ్చింది, ఇంకా ఏమి ఇవ్వాలి అన్నది ఈ వ్యాస విషయం. విభాగం ఎంత పెరిగిందన్న లెక్క కన్నా, రైతు చేతికి ఎలాంటి అంటుమొక్క అందుతోందన్నదే దాని పనికి సరైన గీటురాయి అని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

విభాగం విశ్వవిద్యాలయమైన క్రమం

రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాల 1946లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద మొదలై, 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1996లో ఆ విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. ఆ చట్రంలో ఉద్యానశాస్త్రం అనేక విభాగాల్లో ఒకటి. ఆహార ధాన్యాల కొరత తీర్చడమే ముఖ్యమైన ఆ రోజుల్లో వరి, జొన్నల వంటి పంటలకు ముందు వరుస దక్కడం సహజం. అయితే వరిలో విత్తనం తప్పితే మరుసటి కారులో దిద్దుకోవచ్చు. బత్తాయిలో తప్పు బయటపడేసరికే నాలుగైదేళ్లు గడిచిపోతాయి. తోటకు వేరే పరిశోధన పద్ధతి, వేరే ఓపిక కావాలన్న వాదానికి మూలం ఇదే.

2007లో వెంకటరామన్నగూడెం కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ ఉద్యాన విశ్వవిద్యాలయం వెలిసింది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో 1985లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్. పర్మార్ విశ్వవిద్యాలయం తరువాత దేశంలో ఇది రెండవది. పాలమూరు ప్రాంతానికి మోజెర్ల ఉద్యాన కళాశాల కూడా అదే ఏడాది వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక, 1969 ఉద్యమంలో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకున్న కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట తెలంగాణకు సొంత ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని కేంద్రం సిద్దిపేట జిల్లా ములుగు.

పంపకంలో దూరమైన అనుభవం

విభజనతో పరిశోధన కేంద్రాలు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం తెలంగాణకు దక్కింది. రుమాని, నీలం రకాలను సంకరపరచి తీసిన మంజీర మామిడి, అలహాబాద్ సఫేదా, కోహిర్ జామల కలయికతో వచ్చిన సఫేద్ జామ, కోహిర్ సఫేదా రకాలు ఆ కేంద్రం కృషి ఫలితాలు. బత్తాయి, నిమ్మల మీద ఏళ్లుగా పోగైన అనుభవం మాత్రం తిరుపతి, పెట్లూరు కేంద్రాలది. గజ్జి తెగులును కొంతమేరకు తట్టుకునే బాలాజీ నిమ్మ తిరుపతి పరిశోధన ఫలితమే. తోటలు ఒక రాష్ట్రంలో, వాటి గురించి ఎక్కువ తెలిసిన కేంద్రాలు మరో రాష్ట్రంలో ఉండిపోయాయి. దేవరకొండ దారిలోని కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన కేంద్రానికి ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

వేరుమూలం, కన్ను, నీరు

ఇక్కడి తోటల్లో ప్రధాన రకం సాత్గుడి. దాని కన్నును జంబేరి లేదా రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద అంటుకడతారు. జంబేరి మీద చెట్టు త్వరగా ఏపుగా ఎదుగుతుంది కానీ వేరుకుళ్లుకు తొందరగా లొంగిపోతుంది. రంగపూర్ నిమ్మ బెట్టనూ వేరుకుళ్లునూ మెరుగ్గా తట్టుకుంటుంది. బోరు మీద ఆధారపడ్డ చెలక తోటకు రెండోదే తగినదని శాస్త్రం చెబుతుంది. కానీ రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చిన మొక్కల్ని ఎంచుకునే రైతుకు ఏ వేరుమూలం మీద కట్టారో, కన్ను ఏ తల్లిచెట్టుదో చూపుతో తెలియదు. ట్రిస్టెజా, గ్రీనింగ్ వంటి తెగుళ్లు ఆ కన్నుతోనే తోటలోకి రావచ్చు. ఆ తరువాత పేనుబంక ట్రిస్టెజాను, సిల్లా పురుగు గ్రీనింగ్‌ను చెట్టు నుంచి చెట్టుకు చేరుస్తాయి. ఆరు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి పట్టేవి సుమారు 110 చెట్లు. అందులో పాతిక చెట్లు ఎండితే ఆ కుటుంబం చాలా ఏళ్ల రాబడి పోగొట్టుకున్నట్టే.

నీటి విషయమూ అంతే. జనవరి-ఫిబ్రవరి పూతతో వచ్చే సీజన్ కాపు వానాకాలం చివర మార్కెట్‌కు వస్తుంది. జూన్-జూలై పూతతో వచ్చే కత్తెర కాపు ఎండాకాలం ముందు కోతకొచ్చి మంచి ధర పలుకుతుంది. పూత కోసం చెట్టును ఎన్నాళ్లు బెట్టకు వదలాలన్నది నేలను బట్టి మారుతుంది. బరువు నేలకు రాసిన సలహాను తేలిక చెలకలో అమలు చేస్తే చెట్టే దెబ్బతింటుంది. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం డ్రిప్ గొట్టాలను చేలకు చేర్చింది. వాటి గుండా ఏ నెలలో ఎంత నీరు ఇవ్వాలో ఈ నేలల్లోనే ప్రయోగాలు చేసి చెప్పాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానిది.

ముగింపు

రాయితీ ఇవ్వడం ఉద్యాన శాఖ పని, మొక్కకు పూచీ పడడం విశ్వవిద్యాలయం పని. కాబట్టి తెగులు పరీక్షలో నెగ్గిన తల్లిచెట్ల తోటను కొండమల్లేపల్లిలో జిల్లా అవసరానికి తగినంతగా పెంచాలి. రంగపూర్ వేరుమూలం మీద కట్టి, మూలం రాసిన చీటీతో మొక్కలు అమ్మాలి. మోజెర్ల విద్యార్థుల గ్రామీణ ఉద్యాన శిక్షణకు నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్ తోటలను ఎంచుకుని, నాటిన ఏడాది నుంచి పదిహేనేళ్ల దాకా చెట్టు వారీగా నమోదులు ఒక జట్టు నుంచి మరో జట్టుకు అందించాలి. అధ్యాపకులు మారినా, విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని వెళ్లినా ఆ నమోదు ఆగకూడదు. తోట వయసంత కాలం రైతు పక్కన నిలవగల సంస్థ విశ్వవిద్యాలయమే. ఉద్యానశాస్త్రాన్ని ఒక విభాగం స్థాయి నుంచి విశ్వవిద్యాలయంగా పెంచిన నిర్ణయం అప్పుడే సార్థకమవుతుంది.