ముందు ఎంపిక, తరువాత అర్థం: గిడుగు రామమూర్తి సవర కృషిపై ఒక పరిశీలన

తెలుగు జీవితచరిత్రలకు ఒక అలవాటు ఉంది. మనిషి చిన్నప్పుడు చేసిన ప్రతి నిర్ణయమూ చివరి కీర్తి కోసమే జరిగినట్టు రాస్తారు. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) విషయంలో ఈ అలవాటు మరీ బలంగా పనిచేసింది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలన్న వ్యావహారిక భాషోద్యమం ఆయన బతుక్కి గమ్యమైపోయింది. కొండల్లో బతికే గిరిజనులైన సవరల భాష కోసం పడ్డ పాటు దానికి ముందుమాటగా మిగిలింది. ఈ క్రమం సరైనది కాదని నా వాదన.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరడం బతుకుతెరువు కోసం. తండ్రి లేడు, ఇల్లు గడవాలి. అందులో ఎంపిక పాలు తక్కువ. సవర నేర్చుకోవడం అలా కాదు. ఎవరూ అడగలేదు, జీతం పెరగదు, పేరు రాదు. ఊరికి వచ్చిపోయే సవరల మాట విని, వారి భాష వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని, పదం వెంట పదం రాసుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా పాలయ్యారు. క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోయిందని చరిత్రకారులు రాశారు. మాటలు వినడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్నా పెద్ద నష్టం ఉండదు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు.

ఆ శ్రమకు అప్పటికి ఉన్న అర్థం ఒక్కటే: ఈ మనుషులకు తమ భాషలో చదువు కావాలి. మరో అర్థం తరువాత వచ్చి చేరింది. రాతలేని భాషకు వ్యాకరణం రాయాలంటే ప్రమాణ గ్రంథం ఉండదు, మాట్లాడేవాడి నోరే ప్రమాణం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ బడిలో చెప్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ప్రశ్నించినప్పుడు, పండితులకు చిన్నయసూరి బాలవ్యాకరణం హద్దు. గిడుగుకు ఆ హద్దు లేదు. నోటి మాటలోనే నియమం ఉంటుందని సవరల దగ్గర ఏళ్ల తరబడి చూసి వచ్చినవాడాయన. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి సొంతంగా లిపులు నేర్చుకున్న కష్టం కూడా ఇలాగే అక్కరకొచ్చింది. పూర్వుల వాడుక ఎలాంటిదో చెప్పే ఆధారాల వైపు ఆయన చూపు మళ్లింది. 1913లో ఆయన వెలువరించిన ఆధునిక తెలుగు విజ్ఞాపన పత్రం వెనుక ఈ రెండు సాధనలూ ఉన్నాయి.

అయితే సవర కృషిని తెలుగు ఉద్యమానికి మెట్టు అనేస్తే కాలక్రమం ఒప్పుకోదు. మెట్టు అయితే ఎక్కాక వదిలేయాలి. ఆయన వదల్లేదు. పాత గ్రంథాల భాషలోనే రాయాలనే గ్రాంథికవాదులతో వాదాలు సాగుతుండగానే, 1931లో సవర వ్యాకరణం ప్రచురించారు. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. కనుక యవ్వనంలో ఒకసారి తీసుకున్న నిర్ణయమని దీన్ని కొట్టిపారేయలేం. చెవుడుతో, వయసుతో, చేతిలో మరో పెద్ద పని ఉండగా, మళ్లీ మళ్లీ ఎంచుకున్న పని ఇది. ఎంపికకు అర్థం ఫలితంలో కాక ఇలా తిరిగి పూనుకోవడంలో నిలిచిందని నేను భావిస్తున్నాను.

1936లో పర్లాకిమిడిని కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిపారు. ఆ నిర్ణయానికి నిరసనగా గిడుగు యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. తెలుగు కోసం చేసిన ఈ ఎంపిక ఆయనను సవర కొండలకు దూరం చేసింది. రెంటిలో ఒకటి పోక తప్పని చోట ఏది పోయిందో ఆయనకు తెలియకుండా ఉండదు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి ఆయన పర్లాకిమిడిలో లేరు.

ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదిక మీద ఆ నిఘంటువును కూడా ఉంచాలని, దాని గురించి మాట్లాడడానికి సవర పిల్లలను చదివిస్తున్న ఉపాధ్యాయులను పిలవాలని నిర్వాహకులను కోరుతున్నాను.