విరిగిన ఫోర్కు, బురద దారి

వానలు పడిన తరువాత సికింద్రాబాదు నుండి తిరుమలగిరి, బొల్లారము వైపు పోవువారికి, దారి ప్రక్కన ఎర్రచెలకలో నేలనంటి ప్రాకుచు చిన్న పసుపు పూవులు పూయు మొక్క యొకటి కనిపించును. అది పల్లేరు. పూవు ముచ్చటగానే యుండును. కాని కాయ పండి యెండిన పిమ్మట అయిదు పలుకులుగా విడిపోవును. ఒక్కొక్క పలుకునకు గట్టి ముండ్లుండును. పలుకు నేలపై ఎట్లు పడినను ఒక ముల్లు పైకి చూచుచునే యుండును. పశువు కాలికో, మనిషి పాదమునకో గ్రుచ్చుకొని విత్తనము దూర ప్రదేశములకు చేరుటకై ప్రకృతి చేసిన యేర్పాటిది. సైకిలు పుట్టిన తరువాత దానికి రబ్బరు చక్రము మరియొక వాహనమైనది. ఆయుర్వేదములో గోక్షురమని పేరుగల ఈ మొక్కను ఇంగ్లీషువారు పంక్చరు తీగ అనియే పిలుచుచున్నారు.

పల్లేరు ముల్లు దిగిన ట్యూబును బాగుచేయు విధానము మన ఊళ్లలో చూడనివారుండరు. ట్యూబుకు గాలి కొట్టి నీళ్ల పళ్లెములో ముంచుదురు. బుడగలు వచ్చుచోట గుర్తు పెట్టి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, కొంతసేపు ఆగి, రబ్బరు ముక్కను అతికింతురు. తొందరపడు పిల్లవాడు ఆ 'కొంతసేపు' ఆగడు, అతుకు ఊడిపోవును. సొల్యూషను అనగా ద్రావణిలో కరగిన రబ్బరే. ద్రావణి ఆవిరియై పోయినగాని రెండు రబ్బరులు ఒకదానినొకటి పట్టుకొనవు. తడిగా ఉండగనే ముక్కను అంటించినచో ఆ ద్రావణి లోపలనే చిక్కి అతుకును జారునట్లు చేయును.

ఈ గాలి చక్రమును కనిపెట్టినది డన్లప్ అని పాఠ్యపుస్తకములలో చదువుదుము. అది సగము నిజము. స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. కాని అప్పటికి సైకిలు లేదు, చవకైన పలుచని రబ్బరును లేదు. కావున ఆ ఆలోచన మరుగున పడెను. బెల్ఫాస్టులో పశువైద్యుడుగా నుండిన జాన్ బాయ్డ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రముల బండి రాళ్ల వీధిలో కుదుపకుండుటకై మరల దానినే కనుగొని 1888లో పేటెంటు తీసికొనెను. పూర్వమే థామ్సన్ పేటెంటు ఉన్నదని బయటపడుటతో 1890లో డన్లప్ హక్కు చెల్లకపోయెను. పేరు మాత్రము ఆయనకే నిలిచినది. దీనికి కారణము పందెములే. 1889 మే నెలలో విల్లీ హ్యూమ్ అను పందెగాడు బెల్ఫాస్టు క్రీడలలో ఈ చక్రములతో గెలుపొందగా, గట్టి రబ్బరు చక్రముల కాలము ముగిసెను.

అయితే డన్లప్ టైరును చక్రపు పట్టాకు జిగురుతో అంటించెడివారు. పంక్చరు బాగుచేయుటకు గంటలు పట్టుటయే గాక, జిగురు ఆరుటకు రాత్రంతయు వేచియుండవలెను. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో ఊడదీయుటకు వీలగు టైరును తయారుచేసిరి. అదే సంవత్సరము పారిస్ నుండి బ్రెస్ట్ వరకు పోయి తిరిగివచ్చు సుమారు 1,200 కిలోమీటర్ల పందెములో షార్ల్ తెరోం ఆ టైర్లతోనే మొదటివాడుగా వచ్చెను. వేగముగా తొక్కువాడే గాక, వేగముగా బాగుచేసికొనువాడును గెలువగలడని ఆ పందెము చూపెను.

నునుపైన దారి మీద పందెము ఒక ఎత్తు, పొలములలో, అడవులలో, బురదలో పందెము మరియొక ఎత్తు. ఈ రెండవదానికి సైక్లోక్రాస్ అని పేరు. దీని పుట్టినిల్లు కూడ ఫ్రాన్సే. చలికాలములో రోడ్డు పందెములు ఉండవు. ఆ నెలలలో కాళ్ల సత్తువ తగ్గకుండుటకై పందెగాండ్రు గట్లు దాటుచు, వాగులు దాటుచు, తొక్క వీలులేని చోట సైకిలును భుజమున వేసికొని పరుగెత్తుచు అభ్యాసము చేయుచుండిరి. దానియెల్’ గుస్సో అను సామాన్య సైనికుడు 1902లో ఫ్రాన్సు దేశమునకు తొలి జాతీయ పందెము నడిపించెను. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లాపీజ్ తన విజయమునకు ఈ చలికాలపు అభ్యాసము తోడ్పడినదని చెప్పుటతో దీనికి గౌరవము పెరిగెను. 1950లో పారిస్‌లో తొలి ప్రపంచ పోటీ జరిగెను. అందు ఫ్రాన్సుకు చెందిన జాన్ రోబిక్ గెలిచెను. 1967 నుండి 1993 వరకు వృత్తిగా తొక్కువారికి, సరదాకు తొక్కు ఔత్సాహికులకు వేరువేరుగా ప్రపంచ పోటీలు నడిచెను. స్త్రీలకు ప్రపంచ పోటీ 2000 సంవత్సరము వరకు లేకపోవుట చెప్పుకొనదగిన ఆలస్యమే.

ఈ బురద పందెములలో ఫ్రాన్సు జాతీయ విజేతగా ఏడుసార్లు నిలిచినవాడు యూజెన్ క్రిస్తోఫ్. 1909 నుండి 1914 వరకు వరుసగా ఆరుసార్లు, యుద్ధానంతరము 1921లో మరియొకసారి. అతడు 1885లో జన్మించెను. చిన్నతనమున తాళములు చేయు పనిని నేర్చుకొనెను. ఆ పని అతనికి ఎంత అక్కరకు వచ్చెనో ఇప్పుడు చూడవలసియున్నది.

1913 జూలై. టూర్ ద ఫ్రాన్స్ ఆరవ నాటి దారి బయోన్ నుండి లూషోన్ వరకు 326 కిలోమీటర్లు, నడుమ పిరనీస్ పర్వతములు. గేర్లు మార్చు యంత్రములను టూర్‌లో 1937 వరకు అనుమతింపలేదు. వెనుక చక్రమునకు రెండు వైపుల రెండు పళ్లచక్రములుండును. కొండ వచ్చినపుడు దిగి చక్రమును ఊడదీసి త్రిప్పి బిగించుకొనవలెను. దారులు రాళ్లు, మట్టి. 2,115 మీటర్ల ఎత్తుగల తుర్మలె కనుమను ఎక్కి దిగుచుండగా క్రిస్తోఫ్ సైకిలు ముందు ఫోర్కు, అనగా ముందు చక్రమును రెండువైపుల పట్టుకొనియుండు చిమ్టా, విరిగిపోయెను. అప్పటికి అతడు మొత్తము పందెములోనే అగ్రస్థానమునకు వచ్చుచుండెను.

నియమము కఠినము. ఎవరి సైకిలును వారే బాగుచేసికొనవలెను. ఇతరుల సహాయము పొందరాదు, వేరొక సైకిలు తీసికొనరాదు. క్రిస్తోఫ్ సైకిలును భుజమున వేసికొని, ఒక చేత చక్రమును పట్టుకొని, పది కిలోమీటర్లకు పైగా కొండ దిగెను. దాటిపోయినవాని వెనుక వాడు దాటిపోవుచుండెను. క్రింద సాంత్-మరీ-ద-కాంపాన్ అను పల్లెలో ఒక కమ్మరి కొలిమి ఉన్నది. కమ్మరి పని నేర్పుచు నోటితో చెప్పవచ్చును గాని చేయి వేయరాదు. పందెపు అధికారులు అక్కడనే నిలబడి చూచుచుండిరి. క్రిస్తోఫ్ తానే నిప్పు రాజవేసి, గొట్టపు ముక్కను కాల్చి, దాగలిపై పెట్టి సమ్మెటతో కొట్టి, ఆకురాయితో రాకి, రంధ్రము చేసి ఫోర్కును అతికెను. ఒక చేత పటకారు, ఒక చేత సమ్మెట ఉన్నవానికి తిత్తి ఊదుటకు మూడవ చేయి ఎక్కడిది? అక్కడనున్న బాలుడొకడు కొంతసేపు తిత్తి ఊదెను. మూడు గంటల కాలము గడిచిన పిమ్మట క్రిస్తోఫ్ మరల సైకిలెక్కి, ఇంకను మిగిలిన కనుమలు దాటి, నాటి గమ్యమును చేరెను. బాలుడు తిత్తి ఊదుట పరసహాయమేనని తీర్పరులు పది నిమిషముల శిక్ష విధించిరి. తరువాత దానిని మూడు నిమిషములకు తగ్గించిరి.

ఇందొక విచిత్రము కలదు. 1905 నుండి 1912 వరకు టూర్ విజేతను స్థానములకు ఇచ్చు పాయింట్లతో నిర్ణయించిరి. అట్లయిన ఒక నాటి దుర్ఘటనకు కొన్ని పాయింట్లు మాత్రమే పోవును. 1913లోనే మరల మొత్తము కాలమును కూడు పద్ధతికి మారిరి. కాలమును కూడునపుడు పోయిన గంటలు పోయినట్లే. 1912లో రెండవ స్థానము పొందిన క్రిస్తోఫ్ ఈసారి ఏడవవాడుగా మిగిలెను. 1919లో పందెపు అగ్రగామికి పసుపు చొక్కా తొడుగు ఆచారము మొదలైనపుడు దానిని మొట్టమొదట ధరించినవాడు అతడే. చివరిదానికి ముందు నాటి దారిలో వాలెన్సియెన్ దగ్గర మరల ఫోర్కే విరిగెను. మూడవ స్థానము దక్కెను. 1922లో గాలిబియె కనుమ మీద మూడవసారి విరిగెను! టూర్ ద ఫ్రాన్స్ అతడెన్నడును గెలువలేదు.

ఒకే మనిషికి ఒకే భాగము మూడుసార్లు విరుగుటను దురదృష్టమని వదలివేయుట విజ్ఞాన విద్యార్థికి తగదు. ఫోర్కు పై చివర గట్టిగా బిగింపబడి, క్రింది చివర చక్రపు ఇరుసును పట్టుకొనియుండును. రాయి తగిలినప్పుడెల్ల క్రింది చివర వెనుకకు నెట్టబడును. ఆ వంపు ప్రభావము పైనున్న అతుకు దగ్గర అత్యధికము. ఒక్క దెబ్బకు ఉక్కు విరుగదు. కాని ఇనుప తీగను ఇటు అటు పదిసార్లు వంచినచో తెగుటను పిల్లలందరు చూచినదే. చిన్న దెబ్బలైనను లక్షలుగా పడినపుడు అతుకు మూలలో కంటికి కనబడని చీలిక పుట్టి, క్రమముగా పెరిగి, ఒకనాడు హఠాత్తుగా తెగును. దీనిని లోహపు అలసట యందురు. చక్రపు చుట్టుకొలత 2.1 మీటర్లనుకొనినచో 326 కిలోమీటర్లకు చక్రము సుమారు 1,55,000 సార్లు తిరుగును. అది ఒక్క రోజు లెక్క మాత్రమే.

ఈ అలసటను లోకము మొదట గుర్తించినది సైకిళ్లలో కాదు, రైళ్లలో. 1842లో పారిస్-వెర్సాయి మార్గములో ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదము జరిగెను. తరువాతి దశాబ్దములలో ఆగస్ట్ వోలర్ అను జర్మను ఇంజనీరు రైలు ఇరుసులను త్రిప్పి త్రిప్పి, ఎంత బరువునకు ఎన్ని చుట్లలో విరుగునో లెక్క కట్టెను. సికింద్రాబాదువారికి ఇది దూరపు కథ కాదు. 1874 నుండి రైలు స్టేషను గల ఊరది. దాని ప్రక్కనే లాలాగూడలో 1893లో నెలకొల్పిన కార్ఖానాలో నేటికిని రైలు పెట్టెలను విప్పి బాగుచేయుచున్నారు. మన రైల్వేలలో ఇరుసు లోపలి చీలికలను చెవికి వినబడని ధ్వని తరంగములను పంపి కనిపెట్టుదురు. క్రిస్తోఫ్ ఫోర్కుకు అట్టి పరీక్ష లేదు.

నేటి సైక్లోక్రాస్ నియమములు ఆనాటి టూర్ నియమములకు పూర్తిగా విరుద్ధములు. చుట్టు ఒక్కొక్కటి 2.5 నుండి 3.5 కిలోమీటర్ల వరకు ఉండును. మార్గములో నిర్ణీత స్థలమున సహాయకుడు రెండవ సైకిలుతో నిలిచియుండవచ్చును. బురద పట్టినదానిని ఇచ్చి కడిగినదానిని తీసికొని పోవచ్చును. ఆ స్థలము చేరువరకు మాత్రము సైకిలు పాడైనవాడు దానిని మోసికొనియో, నడిపించుకొనియో రావలసినదే. అనగా భుజమున సైకిలు మోయు విద్య నేటికిని అవసరమే. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించరాదు. గాలి తక్కువగా నింపుదురు. దీని లెక్క సులభము. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలనుకొనుడు, ఒక చక్రముపై సుమారు 40 కిలోలు. చదరపు సెంటీమీటరుకు 4 కిలోల ఒత్తిడి ఉన్నచో నేలను తాకు భాగము 10 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడిని 2 కిలోలకు తగ్గించినచో అది 20 అగును. అంత తేలికగా బురదలో దిగబడదు, జారదు. అయితే గాలి మరీ తగ్గించినచో రాతి అంచుకును పట్టాకును నడుమ ట్యూబు నలిగి, పాము కాటువలె రెండు రంధ్రములు పడును.

బురదలలోను తేడాలు గలవు. సికింద్రాబాదు చుట్టునున్న ఎర్రచెలక గ్రానైటు రాతి నుండి ఏర్పడినది, ఇసుక పాలు ఎక్కువ. అది చక్రమునకు అంతగా అంటుకొనదు గాని, చైను లింకులలో దూరి ఆకురాయివలె అరగదీయును. పడమట జహీరాబాదు వైపు నల్లరేగడి. అందలి బంకమట్టి నీటిని పీల్చి ఉబ్బి, టైరునకు పొరలు పొరలుగా చుట్టుకొని, బ్రేకు దగ్గర చక్రమును తిరుగనీయదు. పుల్లతో గోకి గోకి సైకిలు నడిపించుకొని పోయిన రైతును అడిగిన చెప్పును. సైక్లోక్రాస్ సైకిళ్లకు పట్టా దగ్గర ఎక్కువ సందు ఉంచుటకును, 2010లో డిస్కు బ్రేకులను అనుమతించుటకును కారణము ఈ బురదయే.

తడి, చెమట లోహమునకు ఏమి చేయునో చెప్పు మరియొక ఉదంతము ఈ ఊరిలోనే జరిగెను. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో దోమను కోసి చూచుచున్న రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని మరలు అతని చెమటకే త్రుప్పు పట్టియుండెను. మిగిలిన ఒకేయొక్క కంటి కటకము పగిలియుండెను. మలేరియా జీవి దోమ పొట్టలో కనిపించినది ఆ పరికరములోనే.

హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. పైన సౌరఫలకముల కప్పు, క్రింద నునుపైన నేల. అక్కడ పల్లేరు బెడద తక్కువ. సాంత్-మరీ-ద-కాంపాన్ కొలిమి ఉండిన చోట 1951లో ఒక ఫలకమును ప్రతిష్ఠించిరి. క్రిస్తోఫ్ 1970లో మరణించెను. అతనికి అప్పుడు ఎనుబదియైదేండ్లు.