చర్మాన్ని కాచే వాయువే నరాన్ని కాలుస్తుంది

జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఆశా కార్యకర్తలు కుష్ఠు సర్వేకు వచ్చినప్పుడు ఒంటిమీద మచ్చలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. పాలిపోయిన మచ్చ కనబడితే కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో తేలిగ్గా తాకి, తెలిసిందా అంటారు. తెలియలేదంటే అనుమానించాల్సిందే. ఆ మచ్చ కింద సూక్ష్మజీవితో రక్షక కణాలు చేసే పోరులో నైట్రిక్ ఆక్సైడ్ ఒక ఆయుధం. అది ఒంట్లోనే పుట్టే వాయువు, క్షణాల్లో మాయమవుతుంది. దాని జాడ తీయడానికి శాస్త్రానికి ఏడు దశాబ్దాలు పట్టింది.

మనిషి తిన్నదానికంటే ఎక్కువ నైట్రేట్‌ను మూత్రంలో విసర్జిస్తాడని 1916లోనే అమెరికాలో మిచెల్ బృందం గుర్తించింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల మొదట్లో ఎంఐటీలో టానెన్‌బామ్ బృందం మళ్లీ ఈ లెక్కలు తీస్తుండగా ఒక వాలంటీరుకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. అతని మూత్రంలో నైట్రేట్ ఒక్కసారిగా పెరిగిపోయింది. ఇన్ఫెక్షన్‌కూ దీనికీ లంకె ఉందన్న ఊహకు అక్కడ బలం చిక్కింది. రక్షక కణాల్లో ఒక రకమైన మాక్రోఫేజ్‌లే ఈ నైట్రేట్‌ను తయారుచేస్తాయని 1985లో స్టూర్, మార్లెట్టా చూపారు. అందుకు ముడిసరుకు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లమని 1987లో హిబ్స్ తేల్చాడు. ఆ నైట్రేట్ నైట్రిక్ ఆక్సైడ్ మారగా మిగిలిన జాడే. 1998 నోబెల్ మాత్రం రక్తనాళాల మీద ఈ వాయువు ప్రభావాన్ని కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు దక్కింది. రోగనిరోధక శక్తి వైపు నుంచి దీన్ని పట్టుకున్నవాళ్ల కృషి అంతకు తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

1996లో స్కాట్లండ్‌లో వెల్లర్ బృందం మరో సంగతి బయటపెట్టింది. చెమటలోని నైట్రేట్‌ను చర్మం మీది బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. చర్మపు ఆమ్లగుణం తగిలి దానిలోంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది. రోహిణి ఎండలో పొలం పనిచేసే రైతు ఒంటిమీద చెమటతోపాటు ఈ కాపలా కూడా ఉంటుందన్నమాట.

కుష్ఠు కథ ఇంత సులువుగా సాగదు. ఆ సూక్ష్మజీవిని హాన్సెన్ 1873లో గుర్తించాడు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆశ్రమం పెట్టిన నాటికి రోగికి నీడ దొరికింది గాని నమ్మదగిన మందు లేదు. ఎలుకల మాక్రోఫేజ్‌లు ఆర్జినిన్ దారిలోనే కుష్ఠు క్రిమిని అణచగలవని 1991లో ఆడమ్స్ బృందం రుజువు చేసింది. హైదరాబాదులో రోగుల మచ్చలు ఉన్నట్టుండి రేగే రివర్సల్ రియాక్షన్లను పరిశీలించిన డయానా లాక్‌వుడ్, సహచరులతో కలిసి 1998లో మనుషుల కుష్ఠు మచ్చల్లోనే ఈ వాయువును తయారుచేసే ఎంజైమును వెతికి చూపింది. గాజుపాత్రలో పెంచిన మానవ మాక్రోఫేజ్‌లు ఎలుకల కణాలంత తేలిగ్గా ఈ వాయువును ఇవ్వవు. అందుకే రోగి చర్మంలోనే దాన్ని చూపిన ఆ పరిశోధన నాకు విలువైనదిగా తోస్తుంది.

రివర్సల్ రియాక్షన్‌లో పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, మోచేతి దగ్గర నరం లావెక్కి నొప్పెడుతుంది, వేళ్లు పట్టు తప్పుతాయి. క్రిమి మీద శరీరం ఉధృతంగా తిరగబడటం వల్లే ఇదంతా. 2017లో మాడిగన్, లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేపల్లో చేసిన ప్రయోగం మరో గుట్టు విప్పింది. కుష్ఠు క్రిమి పైపూతలోని ఒక కొవ్వుపదార్థం మాక్రోఫేజ్‌లను రెచ్చగొడుతుంది. అవి వదిలే నైట్రిక్ ఆక్సైడే నరపు తంతువును, దాని పొరను దెబ్బతీస్తుంది. అంటే నరానికి తగిలే దెబ్బలో మన రక్షణ బలగానికీ వాటా ఉంది.

మందులు వాడుతుండగా మచ్చలు ఉబ్బితే మందే వికటించిందని భయపడి మానేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బహుళ ఔషధ చికిత్స కొనసాగిస్తూనే, డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్‌తో ఆ మంటను వెంటనే అణచాలి. ఆలస్యమైతే చెయ్యి వంకరపోవచ్చు. స్పర్శ లేని మచ్చ కనబడినా, నరం నొప్పెట్టినా ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ కుష్ఠు మందులు ఉచితం.