మత్సుయే బడిలో ఇంగ్లీషు పంతులు



"జపాను వాళ్ళే విదేశాల నుండి ఇంగ్లీషు మాస్టర్లను జీతమిచ్చి పిలిపించుకొంటుంటే, మన పిల్లలకింకా తెలుగు బడి ఎందుకండీ?" అన్న ప్రశ్న బెంగళూరులోనైనా, హోసూరులోనైనా, షోలాపురంలోనైనా మనకు తరచుగా ఎదురయ్యేదే. ఇందులో మొదటి సగం నిజం. 1987లో ఆరంభమైన జెట్ పథకం క్రింద వేలమంది విదేశీ పట్టభద్రులు జపాను పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళారు. అయితే వారిలో అత్యధికుల హోదా సహాయకుడిది. తరగతి బాధ్యత జపాను ఉపాధ్యాయునిది. ఇంగ్లీషు గంట ముగియగానే లెక్కలు, చరిత్ర, సామాన్యశాస్త్రం అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో జపాను భాషలోనే సాగుతాయి. ఈ ఏర్పాటు ఒక్కనాడు కుదిరింది కాదు. దీని వెనుక ఉన్న చరిత్రను ఒక ఉపాధ్యాయుని నిత్యజీవితం ద్వారా మీ ముందుంచుతాను.

ఆయన పేరు లఫ్కాడియో హెర్న్. 1850లో గ్రీకు ద్వీపమైన లెఫ్కాడాలో జన్మించాడు. తల్లి గ్రీకు వనిత, తండ్రి ఐరిష్ సైనికవైద్యుడు. బడిలో ఆడుకొంటుండగా దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది, రెండవ కన్ను కూడా అంతంతమాత్రమే. అమెరికాలో ఇరవై ఏళ్ళు పత్రికారచన చేసి 1890 ఏప్రిల్‌లో యొకహామాలో దిగాడు. ఆ ఆగస్టు చివర, పశ్చిమతీరాన షింజి సరస్సు ఒడ్డునున్న మత్సుయే పట్టణంలో ఇంగ్లీషు ఉపాధ్యాయునిగా చేరాడు. జీతం నెలకు నూరు యెన్లు. నియామకపత్రంలో ఆయన పేరును 'హెరున్' అని రాయడంతో ఊరంతటికీ ఆయన హెరున్-సాన్ అయిపోయాడు. దానిని దిద్దించే ప్రయత్నం ఆయన చేయలేదు. పైగా ఇష్టపడ్డాడు.

ఆ ఊళ్ళో తెల్లవారడమంటే బియ్యం దంచే చప్పుడని ఆయన రాసుకొన్నాడు. కాలితో తొక్కి దంచే పెద్ద కొయ్యరోకలి అది (ఒడిశాలోని మన పాఠకులకు ఢింకి వెంటనే స్ఫురిస్తుంది). దాని తరువాత గుడిగంట, ఆపైన ముల్లంగి అమ్మేవారి కేకలు. పని రెండు చోట్ల: ఒకటి జిల్లా మాధ్యమిక పాఠశాల, రెండవది ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల. శిక్షణ పాఠశాలలో సైనికశిబిరంలోని క్రమశిక్షణ. తరగతి నాయకుడు ఆజ్ఞ ఇవ్వగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి నమస్కరించేవారు. జపాను భాష రాని ఈ కొత్త మాస్టరుకు వేళలు, పాఠ్యపుస్తకాలు, మర్యాదలు అన్నీ నేర్పినవాడు నిషిదా సెంతారో అనే సహోపాధ్యాయుడు. క్షయరోగంతో బాధపడుతూనే హెర్న్‌కు చివరివరకు ఆప్తమిత్రుడుగా నిలిచాడు. ఎంత పేరున్న పరాయి పండితుడైనా స్థానిక ఉపాధ్యాయుని చెయ్యి పట్టుకొనే తరగతిలో అడుగుపెట్టాలి. ఇది మనలో బదిలీల మీద తిరిగినవారికి చెప్పనక్కరలేదు.

హెర్న్ పిల్లలచేత ఇంగ్లీషులో వ్యాసాలు రాయించేవాడు. దిద్దేటప్పుడు ఒక సంగతి ఆయనకు వింతగా తోచింది. విషయం ఒక్కటైతే అన్ని వ్యాసాలలోనూ పోలికలు కూడా ఒక్కటే. ఫుజి పర్వతం గురించి రాస్తే ఆకాశంలో తలక్రిందులుగా వేలాడే, సగం విప్పిన తెల్ల విసనకర్ర. పూసిన చెర్రీ చెట్ల గురించి రాస్తే సంజె రంగు పట్టిన మబ్బులు. వీరి ఊహాశక్తి శతాబ్దాల క్రిందటే తయారై వచ్చిందని, సొంత కల్పన తక్కువని ఆయన తేల్చాడు. ఈ తీర్పుతో నేను ఏకీభవించను. పదిహేనేళ్ళ పిల్లవాడు నేర్చి నాలుగేళ్ళు కూడా నిండని పరాయిభాషలో అంత మాత్రం పోలిక తేగలిగాడంటే, అది అమ్మభాషలో వాడు వెంట తెచ్చుకొన్న చద్దిమూట. ఆ మూట లేని పిల్లవాడి ఇంగ్లీషు వ్యాసం ఎలా ఉంటుందో మనం రోజూ దిద్దుతూనే ఉన్నాం కదా!

సాయంత్రాలు విద్యార్థులు ఇంటికి వచ్చేవారు. ఒక్కొక్కరు తమ ఇంట తరతరాలుగా దాచుకొన్న చిత్రపటమో, మరే వస్తువో చూపడానికి తెచ్చేవారు. ఒక్కోసారి ఏమీ మాట్లాడకుండా కూర్చొని వెళ్ళిపోయేవారు. వారిలో యొకోగి అనే వడ్రంగి కొడుకు ఉన్నాడు. చదువులో మేటి. అన్నము, సోయా పెరుగుగడ్డ తప్ప మరేమీ ఎరుగని ఒంటితో ఆ కొత్త చదువుల బరువు మోయడం ఎంత ప్రాణాంతకమో హెర్న్ ఒకచోట ఆవేదనతో రాశాడు. యొకోగి జబ్బుపడ్డాడు. చివరి దినాలలో ఒక మంచు కురిసే రాత్రి, బడిని ఒక్కసారి చూడాలని అడిగితే ఒకరు వీపున మోసుకొని వెళ్ళారు. చీకటిలో తన తరగతి కిటికీని గుర్తుపట్టి సంతోషించాడట. ఆ తరువాత ఎన్నాళ్ళో బ్రతకలేదు. 1894లో అచ్చైన హెర్న్ పుస్తకంలో, ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుని దినచర్య అన్న అధ్యాయంలో ఈ ఉదంతం ఉంది. దానిని చదివిన ఉపాధ్యాయుడెవరూ తేలికగా మరువలేరు.

మత్సుయేలోనే ఆయన కొయిజుమి సెత్సు అనే సమురాయి కుటుంబపు యువతిని పెళ్ళాడాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు జపాను భాష రాదు. విభక్తులు ఊడిపోయిన ఒక విచిత్రమైన జపాను మాట ఆ ఇంట పుట్టింది, దానిని 'హెరున్-సాన్ భాష' అనేవారు. ఆమె ఇంగ్లీషు మాటలను జపాను లిపిలో రాసుకొన్న నోటుపుస్తకం నేటికీ ఉంది. రాత్రివేళ దీపం తగ్గించి ఆమె పాత దయ్యాల కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవవద్దు, నీ మాటల్లోనే చెప్పు అని ఆయన పట్టుబట్టేవాడు. 1904లో వెలువడిన 'క్వైదాన్' కథలలో పెక్కు ఇలా విన్నవే.

1891 నవంబరులో మత్సుయే చలి భరించలేక దక్షిణాన కుమమొతో కళాశాలకు మారాడు. అక్కడ రెండువందల యెన్లు. అదే కళాశాలలో 1896లో ఇంగ్లీషు చెప్పడానికి చేరిన నత్సుమే సోసెకికి జీతం నూరు. విదేశీయునికి ఇంత ఎందుకిచ్చారు? శాశ్వతంగా ఉంచుకోవడానికి కాదు. విదేశీయుడు చెప్పే కాలంలోనే తమ యువకులను విదేశాలకు పంపి, వారు తిరిగి రాగానే ఆ కుర్చీలో కూర్చోబెట్టడం నాటి ప్రభుత్వ పద్ధతి.

ఆ పద్ధతికి ముందు మరొక ఆలోచన కూడా నడిచిందని మన తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 1872లో, వాషింగ్టన్‌లో జపాను ప్రతినిధిగా ఉన్న మోరి అరినోరి, జపాను భాషతో ఆధునిక విద్య సాధ్యం కాదని, ఇంగ్లీషునే దేశానికి ఇవ్వాలని తలచి యేల్ విశ్వవిద్యాలయపు భాషాపండితుడు విట్నీ సలహా అడిగాడు. అమెరికావాడైన పండితుడు ఎగిరి గంతేస్తాడనుకొన్నాడో ఏమో! విట్నీ వద్దన్నాడు. సొంత భాషను తీసివేస్తే చదువు కొద్దిమంది సొత్తవుతుందని, సామాన్యజనం బయటే మిగులుతారని ఆయన వాదం. లండన్‌లో చదువుకొంటున్న బాబా తత్సుయి అనే యువకుడు 1873లో జపాను భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి మోరికి జవాబిచ్చాడు. ఈ మోరియే తరువాత విద్యామంత్రి అయి, 1886లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలల చట్టం తెచ్చాడు. హెర్న్ పాఠం చెప్పిన సైనికపు క్రమశిక్షణ బడి ఆయన చలవే. ఆ బడులలో బోధన మాత్రం జపాను భాషలోనే!

హెర్న్ 1896లో జపాను పౌరుడై కొయిజుమి యాకుమో అని పేరు మార్చుకొని, టోక్యో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం బోధించాడు. కాగితం చూడకుండా మెల్లగా, విద్యార్థులు పొల్లు పోకుండా రాసుకొనేట్లు చెప్పేవాడు. ఆ నోటుపుస్తకాల నుండే ఆయన మరణానంతరం ఉపన్యాస సంపుటాలు అచ్చయ్యాయి. మీరు ఇంగ్లీషు సాహిత్యం చదివేది మీ భాషలో సాహిత్యం సృష్టించడానికేనని, అది కూడా జనం మాట్లాడే భాషలో రాయాలని ఆయన బోధ. ఆ మరుసటి దశాబ్దంలో మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం నిలబడ్డారు. ఆయనా బడిపంతులే. తెలుగుకే కాదు, సవర పిల్లలకు సవరభాషలో చదువు చెప్పడానికీ శ్రమించినవారు.

1903లో విశ్వవిద్యాలయం హెర్న్‌ను వదులుకొన్నది. విద్యార్థులు ఆందోళన చేశారు. ఆ ఖాళీలో వచ్చినవారిలో లండన్‌లో చదివి వచ్చిన సోసెకి ఒకడు. ఇదే సోసెకి 1911లో ఒక వ్యాసంలో, విద్యార్థుల ఇంగ్లీషు తగ్గిపోయిందన్న ఫిర్యాదుకు సమాధానమిచ్చాడు. మా చిన్ననాట భూగోళం, గణితం, అన్నీ ఇంగ్లీషు పుస్తకాలలోనే చదివాము కనుక మాకు ఇంగ్లీషు వచ్చింది. ఇప్పుడు అవి సొంత భాషలోకి వచ్చాయి కనుక తగ్గింది, అది సహజమే అన్నాడు. తమ నాటి చదువు తలచుకొంటే బ్రిటిషువారి ఏలుబడిలోని ఇండియా గుర్తుకు వచ్చి అవమానంగా తోస్తుందని కూడా రాశాడు. ఆ పోలిక మన మీద పడినది. చదువుతుంటే నాకు చురుక్కుమంది. మీకూ అనిపిస్తే మంచిదే.

హెర్న్ 1904 సెప్టెంబరు 26న టోక్యోలో మరణించాడు. 1854 నాటి ఉప్పెనలో హిరో గ్రామవాసి హమగుచి గోర్యో తన వరికుప్పలకు నిప్పంటించి, ఆ వెలుగుతో ఊరివారిని గట్టెక్కించిన ఉదంతాన్ని ఆయన 1897లో ఇంగ్లీషు కథగా వెలువరించాడు. కొన్ని దశాబ్దాలకు నకాయి త్సునెజో అనే యువకుడు వకయామా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఆ కథను ఇంగ్లీషు పాఠంగా చదివాడు. ఉప్పెన వచ్చిన ప్రాంతమే అతని సొంత ప్రాంతం. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడయ్యాక, 1934లో విద్యాశాఖ కొత్త వాచకాలకు పాఠాలు కోరినప్పుడు, ఆ కథను పిల్లలకు తగిన సరళమైన జపాను భాషలో తిరిగి రాసి పంపాడు. 1937 నుండి 1947 వరకు దేశమంతటా అయిదవ తరగతి పిల్లలు దానిని తమ భాషావాచకంలో చదువుకొన్నారు.